‘నిల్వ: సున్నా’ అని రాసింది నేనే: విజయనగరం జిల్లా అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

రాజాం ప్రాంతంలో మా ఊరి పొలిమేరన మూతబడిన ఎరువులు, పురుగుమందుల గోదాము ఒకటి ఉంది. ఆ స్థలంలో ఇక ఏ దోషమూ లేదని తేల్చి, ఫైలు మూసి, అక్కడ ఊరికి పనికొచ్చే భవనం కడతారని విన్నాం. భవనం వద్దనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. స్థలం శుభ్రంగా ఉందని చెప్పే కాగితాల్లో ఒకటి నా చేతిరాతలో ఉంది. ఆ కాగితం నిజం చెప్పదు. అందుకు రాస్తున్నాను.

1988 నుంచి 2004లో తలుపులు మూసేదాకా ఆ గోదాములో నేను స్టాకు గుమాస్తాను. వచ్చిన బస్తా, పోయిన బస్తా, చినిగిన బస్తా అన్నీ నా రిజిస్టరులోకి ఎక్కేవి. దాన్ని నడిపిన సంస్థ పేరు ఇక్కడ రాయను. మా ఊరి పేరు కూడా రాయను. కిడ్నీ జబ్బు పేరు చెప్పి ఉద్దానం పల్లెలకు సంబంధాలు కలుపుకోవడానికి వెనుకాడిన రోజులు మా వైపు వారికి తెలుసు. మా పిల్లలకు, మా పంటకు అలాంటి మచ్చ పడకూడదు. రెండు పేర్లూ మీకు విడిగా ఇచ్చిన అర్జీలో ఉన్నాయి.

ఆ రోజుల్లో బి.హెచ్.సి. అనే పురుగుమందు పొడి మా దగ్గర బాగా కదిలే సరుకు. రైతులు గమాక్సిన్ అనేవారు. వరికి, చెరకుకు, కందికి, చివరకు ఇంట్లో చీమలకు కూడా అదే చల్లేవారు. 1997 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా దాన్ని నిషేధించారు. నిషేధం వచ్చిన నాటికి మా గోదాములో అరవై రెండు బస్తాలు మిగిలి ఉన్నాయి. వెనక్కి తీసుకునేవారు లేరు, అమ్మడానికి వీల్లేదు. వాటితో పాటు గడువు దాటిన ఫోరేట్ అనే పురుగుమందు గుళికల డబ్బాలు, తుప్పుపట్టి కారుతున్న ద్రవమందుల డబ్బాలు ఓ మూలన పేరుకుపోయాయి. మే నెలలో ఒక మధ్యాహ్నం, గోదాము వెనక చింతచెట్టుకు తూర్పున నిలువెత్తు గొయ్యి తవ్వించారు. ఇద్దరు కళాసీలు తలకు తువ్వాలు చుట్టుకుని, వట్టి చేతులతో, ఆ బస్తాలు, డబ్బాలు అన్నిటినీ అందులో దించారు. నేను గట్టు మీద నిలబడి లెక్క రాసుకున్నాను. పొడి లేచి కళ్ళు మండుతుంటే వాళ్ళు మధ్యమధ్యలో పైకి వచ్చి నూతి దగ్గర ముఖం కడుక్కుని మళ్ళీ దిగారు. సాయంత్రం రిజిస్టరులో ‘పాడైన సరుకు తొలగించడమైనది, నిల్వ: సున్నా’ అని రాసి సంతకం చేశాను. రాయమన్నారు, రాశాను. తొలగించడం అంటే పూడ్చడం అని ఆ వాక్యం చదివిన ఏ తనిఖీ అధికారికీ తెలియదు.

క్రిమిసంహారక మందుల నియమాలు 1971లోనే వచ్చాయి. మిగిలిపోయిన మందునూ, ఖాళీ డబ్బాలనూ, కడిగిన నీళ్ళనూ నీటికి, పరిసరాలకు కీడు కలగకుండా వదిలించుకోవాలని వాటిలో 44వ నియమం చెబుతుంది. డబ్బాలను పగలగొట్టి ఊరికి దూరంగా పాతమంటుంది. మేము పాతిన చోటికీ, ఊరి మంచినీటి నూతికీ మధ్య దూరం నా అడుగుల్లో తొంభై.

గొయ్యి ఒక్కటే అయితే ఇంత పొడుగు ఉత్తరం రాయనక్కరలేదు. గోదాము గచ్చు మొదటినుంచీ పగుళ్ళే. చినిగిన బస్తాల యూరియా, డి.ఎ.పి. ఊడ్చి, గచ్చు కడిగిన నీళ్ళు వెనక కాలువలోకి వదిలేవాళ్ళం. ఆ కాలువ గెడ్డకు, అంటే ఊరి వాగుకు, చేరేలోపే నేలలో ఇంకిపోయేది. మూతబడిన తరువాత కూడా కొన్నేళ్ళు ఎవరో అద్దెకు తీసుకుని యూరియా దించారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు రేకులు ఎగిరిపోయి, లోపలి బస్తాలు కరిగి, నేల తెల్లగా మారింది. అప్పటి గోదాము బోరు మూత లేకుండా, పైన కేసింగ్ పగిలి, ఇప్పటికీ అలాగే ఉంది. పై నీళ్ళు నేరుగా లోపలికి దిగడానికి మనం వేసిపెట్టిన గొట్టం అది. యూరియా మట్టిలో సూక్ష్మజీవుల వల్ల ముందు అమ్మోనియాగా, తరువాత నైట్రేటుగా మారుతుంది. నైట్రేటుకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. మట్టి దాన్ని పట్టి ఉంచలేదు. నీటితో పాటే నడుస్తుంది.

మా ఊళ్ళో చాలామంది మనసులో ఉన్న మాట ఒకటే: వాసన పోయింది, కాబట్టి మందు పోయింది. నేనూ చాలా ఏళ్ళు అలాగే సర్దిచెప్పుకున్నాను.

నిరుడు మహిళా సంఘం వాళ్ళు జలజీవన్ మిషన్ పరీక్ష పెట్టెతో ఊరి నూతులన్నీ చూశారు. గోదాముకు దిగువన ఉన్న రెండు నూతుల దగ్గర నైట్రేటు గొట్టం ముదురు గులాబీ రంగుకు తిరిగింది. ఆ పెట్టె లోతైన లెక్క చెప్పదు, పురుగుమందుల జాడ అసలే చెప్పదు. కానీ ఆ రంగు చూశాకే నాకు నిద్ర పట్టలేదు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం లీటరు నీటిలో నైట్రేటు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీళ్ళు దొరకని చోట కొన్నిటికి ఆ ప్రమాణం కాస్త వెసులుబాటు ఇస్తుంది, నైట్రేటుకు ఇవ్వదు. ఆరు నెలలు నిండని పసిబిడ్డకు డబ్బాపాలు ఆ నీళ్ళతో కలిపితే రక్తం ప్రాణవాయువును మోయలేక బిడ్డ నీలంగా మారే ప్రమాదం ఉంది. మా వైపు బాలింతలు జాగ్రత్త కొద్దీ నీళ్ళు మరిగించి బిడ్డకు పడతారు. సూక్ష్మజీవులకు అది మందే. నైట్రేటు మాత్రం మరిగిస్తే పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ గాఢత పెరుగుతుంది. ఈ ఒక్క మాట అంగన్‌వాడీ కార్యకర్త ద్వారా, ఏ పరీక్ష ఫలితం కోసమూ ఆగకుండా, ఈ వారమే ప్రతి ఇంటికీ చెప్పించండి. ఆ రెండు నూతుల నీళ్ళు తాగకూడదని తెలిసేలా ఎర్ర రంగు వేయించి, ఆ వీధికి వేరే నీళ్ళు ఇప్పించండి. 2024 అక్టోబరులో గుర్లలో అతిసారం ప్రబలినప్పుడు నీటి విషయంలో ఆలస్యం ఎంత ఖరీదైనదో ఈ జిల్లా చూసింది.

మేము అర్జీ ఇచ్చాక సెప్టెంబరులో ఒక బృందం వచ్చి, బడి బోరు నుంచి ఒక సీసా నీళ్ళు తీసుకువెళ్ళింది. అన్నీ హద్దుల లోపే ఉన్నాయని కాగితం వచ్చింది. ఆ కాగితం ఆధారంగానే ఫైలు మూయాలనుకుంటున్నారు. వచ్చినవారిని తప్పుపట్టడం లేదు, వాళ్ళకు చూపించినచోట తీశారు. అయితే ఆ ఒక్క సీసా మీద ఊరి నీటి తీర్పు నిలబడదు.

బడి గోదాముకు ఎగువన ఉంది. మా నేల బొబ్బిలి వైపు నుంచి నాగావళి వైపు వాలుతుంది. ఊరి గెడ్డ కూడా అటే పోతుంది. భూగర్భ జలం చాలావరకు నేల వాలునే అనుసరిస్తుంది. ఎగువ బోరులో గోదాము విషం వెతకడమంటే, వాన ఎటు కురిసిందో చూడకుండా ఎండిన పెరట్లో తడి వెతకడమే. ఇక లోతు సంగతి. బడి బోరు రెండు వందల అడుగులు దాటి ఉంది, పై భాగానికి కేసింగ్ బిగించి ఉంది. మా జిల్లా కింద ఉన్నది ఎక్కువగా ఖోండలైటు రాయి. మన కొండల మీద బతికే ఖోండుల పేరే ఆ రాయికి పెట్టారు. పైన ఎర్రమట్టి, దాని కింద కుళ్ళి మెత్తబడిన రాయి, ఇంకా కింద పగుళ్ళున్న గట్టి రాయి. మా నూతుల నీళ్ళు ఆ మెత్తబడిన రాతి పొరలోవి. గొయ్యి నుంచి, కాలువ నుంచి దిగినది ముందు చేరేది అక్కడికే. లోతు బోరు బాగుంటే నూతి కూడా బాగున్నట్టు కాదు. పైగా పొర నుంచి పొరకు పగుళ్ళ దారి ఎక్కడుందో పైనుంచి ఎవరికీ కనబడదు.

ఏ నెలలో తీశారన్నది కూడా లెక్కలోకి రావాలి. వానలప్పుడు కొన్ని రసాయనాలు పలచబడతాయి. కొన్ని ఎండాకాలమంతా మట్టిలో ఆగి, తొలకరికి ఒక్కసారిగా దిగుతాయి. కేంద్ర భూగర్భ జల మండలి నీటి మట్టాలను ఏడాదికి నాలుగు సార్లు, జనవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో చూసేది కూడా ఋతువుల తేడా తెలియడానికే. మా స్థలానికి కూడా అదే వరస కావాలి. నేను కోరేది ఇది: గోదాముకు ఎగువన ఒకటి, దిగువన కనీసం రెండు పరిశీలక బోర్లు, సన్నవి, ఆ మెత్తబడిన రాతి పొరకే తెరిచి ఉండేవి, తాళం మూతతో వేయించండి. మూడు చోట్ల నీటి మట్టం కొలిస్తేనే నీరు ఎటు నడుస్తున్నదో గీసి చెప్పగలరు. రెండు బోర్లతో ఆ దిక్కు తేలదు. పాత నూతులనూ ఆ కొలతల్లో చేర్చండి.

నమూనా తీసే పద్ధతి గురించి గుమాస్తా చెప్పడం ఏమిటని అనుకోకండి. ఉద్యోగం పోయాక నా మనవరాలి పుస్తకాలు, నియమాల ప్రతులు తెచ్చుకుని ఈ ఒక్క విషయమే చదువుతున్నాను. బోరు గొట్టంలో నిలవ ఉన్న నీళ్ళు భూమిలోని నీళ్ళు కావు. గొట్టంలో నిలిచిన నీటికి మూడింతలైనా తోడిపోశాకే సీసా పట్టాలి. తోడకముందే నీటి మట్టం కొలవాలి. నైట్రేటు సీసా వేరు, పురుగుమందుల సీసా వేరు. రెండోది ముదురు రంగు గాజు సీసా అయి ఉండాలి, మంచులో పెట్టి తీసుకువెళ్ళాలి. మొన్న తీసినది ప్లాస్టిక్ సీసా, ఎండలో ఆటోలో వెళ్ళింది.

నైట్రేటు ఒక్కటి చూసి గోదామును దోషిగా నిలబెట్టలేమని నాకు తెలుసు. పెంటకుప్పలూ నైట్రేటు ఇస్తాయి, మరుగుదొడ్ల గోతులూ ఇస్తాయి, పొలంలో ఎక్కువైన యూరియా కూడా ఇస్తుంది. అందుకే బి.హెచ్.సి. కోసం చూడమంటున్నాను. అది ఒక్క రసాయనం కాదు. ఒకే అణువు నాలుగైదు రూపాలు కలిసిన పొడి. అందులో పురుగును చంపే లిండేను కొద్ది భాగమే, ఎక్కువ భాగం ఆల్ఫా రూపం. బీటా రూపం అన్నిటికంటే మొండిది, ఏళ్ళ తరబడి కరగదు. తాగునీటి ప్రమాణంలో లిండేనుకు లీటరుకు 2 మైక్రోగ్రాముల హద్దు ఉంటే, ఆల్ఫాకు 0.01, బీటాకు 0.04 మైక్రోగ్రాములే. ఒక్క లిండేను చూసి హద్దులో ఉందని రాసేస్తే, గోతిలోని అసలు సరుకు లెక్కలోకి రాలేదన్నమాట. అన్ని రూపాలనూ విడివిడిగా రాయమనండి. ఫోరేట్ విషయంలోనూ ఇదే. దానికి హద్దు 2 మైక్రోగ్రాములు. అయితే మట్టిలో అది సల్ఫాక్సైడు, సల్ఫోను అనే రూపాలకు మారి, అసలు మందు కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. వాటినీ వెతకమనండి.

ఇంకొక్క మాట ఆ కాగితం గురించి. పురుగుమందుల వరసలో ‘కనబడలేదు’ అని ఉంది. ప్రయోగశాల యంత్రం ఎంత తక్కువ మోతాదును పట్టుకోగలదో మాత్రం ఆ కాగితంలో లేదు. హద్దు 0.04 అయినప్పుడు, 1 కంటే తక్కువను చూడలేని యంత్రానికి ఏమీ కనబడకపోవడంలో వింత లేదు. ‘కనబడలేదు’ పక్కన ఎంతవరకు చూడగలరో అంకె వేయించండి. పదహారేళ్ళు కాగితాలు రాసినవాడిని. ఒక్క మాట పక్కన మరో మాట రాయకపోతే ఏం దాగుతుందో నాకు బాగా తెలుసు.

ఇవన్నీ మా మీద దయతో చేయమని అడగడం లేదు. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం అనుమానం ఉన్న స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకొకసారి తయారు చేయాలి. ఆ తరువాత తొంభై రోజుల్లో ప్రాథమిక పరిశీలన, ఆపై మూడు నెలల్లో వివరమైన సర్వే జరగాలి. కలుషితం చేసినవారిని గుర్తించి ఖర్చు వారి మీద వేయాలి. మా గోదాము ఆ జాబితాలోకి ఎక్కాలి. ప్రత్యక్ష సాక్షి సంతకంతో ఇచ్చిన ఈ ఉత్తరం కంటే అనుమానానికి ఇంకేం ఆధారం కావాలి?

కాగితాల విషయంలో ఒక చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న మా నియోజకవర్గం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకు వచ్చింది. గోదాము లైసెన్సులు, తనిఖీ పత్రాలు పాత జిల్లా కాలం నాటివి. ఒక చోట అడిగితే స్థలం మీది కాదన్నారు, మరో చోట అడిగితే కాగితాలు మా దగ్గర లేవన్నారు. జిల్లా మారినా గొయ్యి ఉన్నచోటే ఉంది. రెండు వైపుల అధికారులూ ఒక రోజు కూర్చుని ఆ ఫైళ్ళు ఒక చోటికి చేర్చండి.

మూతబడిన చోటి నుంచి కీడు ఆగిపోతుందన్న భ్రమ మన దేశంలో చాలాసార్లు బద్దలైంది. రాజస్థాన్‌లోని ఉదయపూర్ దగ్గర బిచ్‌డీ గ్రామంలో రసాయన కర్మాగారాలు మూతబడ్డాయి, వదిలిపోయిన మడ్డి మాత్రం వానకు నూతుల్లోకి దిగి నీటి రంగు మార్చేసింది. కలుషితం చేసినవారే శుద్ధి ఖర్చు భరించాలని సుప్రీంకోర్టు ఆ కేసులోనే 1996లో తీర్పు చెప్పింది. భోపాల్ పురుగుమందుల కర్మాగారంలో 1984 తరువాత మిగిలిపోయిన వ్యర్థాల్లో 337 టన్నులను అక్కడి నుంచి తరలించింది 2025 జనవరిలో. మాది వాటి ముందు చిన్న గొయ్యి. చిన్నది కాబట్టే, ఇప్పుడైతే శుభ్రం చేయడం సాధ్యం.

మీరు ‘మూసివేత’ అని రాసే మాటకు మేము కోరే అర్థం చెబుతాను. గొయ్యి తవ్వి, బస్తాలు, డబ్బాలు, వాటి చుట్టూ మరకపడిన మట్టి బయటికి తీసి, ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అనుమతి ఉన్న చోటికే పంపాలి. పక్క ఊరి చెరువుగట్టుకు కాదు. గొయ్యి అడుగున, నాలుగు పక్కలా మట్టి పరీక్ష చేయించి, శుభ్రమైన మట్టి వచ్చేదాకా తవ్వాలి. పాత బోరును అడుగు నుంచి సిమెంటుతో నింపాలి. ఆపైన కనీసం రెండేళ్ళు, ఎనిమిది సార్లు, పరిశీలక బోర్లలో నీరు చూడాలి. ఫలితం వచ్చిన ప్రతిసారీ తెలుగులో, అంకెలతో, హద్దు పక్కనే పెట్టి సచివాలయం గోడ మీద అంటించాలి. అంకెలు వరుసగా హద్దు కింద నిలిచాక పరిశీలక బోర్లను కూడా సిమెంటుతో మూయాలి. అవి కూడా లోపలికి దారులే కదా. ఆ రోజు ఫైలు మూయండి. సాక్షి సంతకం కావాలంటే నేను వచ్చి పెడతాను. భవనం ఆ తరువాత కట్టండి. అప్పటిదాకా స్థలం చుట్టూ ముళ్ళకంచె వేయించండి. సాయంత్రం పిల్లలు అక్కడే క్రికెట్ ఆడుతున్నారు.

ఆ చింతచెట్టు ఇప్పుడు లేదు, హుద్‌హుద్‌కే పడిపోయింది. అయినా చోటు నాకు గుర్తుంది. గోదాము ఈశాన్య మూల నుంచి తూర్పుకు పన్నెండు అడుగులు వేసి, అక్కడి నుంచి గెడ్డ వైపు ఏడు అడుగులు. నాకు డెబ్బై దాటాయి, మోకాళ్ళు సహకరించవు. అయినా కర్ర పట్టుకుని వచ్చి చూపిస్తాను. ఆ రోజు గోతిలోకి దిగిన ఇద్దరిలో ఒకరు ఊళ్ళోనే ఉన్నారు, ఆయనా వస్తానన్నారు. తవ్వే రోజు రెండు రోజుల ముందు కబురు చేయండి. గాలి ఊరి వైపు వీచని పొద్దు చూసి మొదలుపెట్టండి. ఈసారి గోతిలోకి దిగేవారికి చేతి తొడుగులు, ముఖానికి ముసుగులు, ఒంటినిండా కప్పే బట్టలు ఇచ్చాకే దింపండి. ముఖం కడుక్కోవడానికి నీళ్ళు ఆ నూతివి కాకుండా బయటినుంచి తెప్పించండి.

ఇట్లు,
గోదాము పాత స్టాకు గుమాస్తా,
రాజాం నియోజకవర్గం, విజయనగరం జిల్లా